అద్లియాలోని శుక్రవారపు బడి

కూలికై సముద్రము దాటి పోవువాడు తనతో మూటగట్టుకొని పోవు వస్తువులు కొన్నియే. రెండు మూడు బట్టలు, ఒక దుప్పటి, ఇంట పెట్టిన యూరగాయ కొంత, పెద్దల పటమొకటి. వీనిని రేవులోని యధికారులు విప్పి చూచి తూకము వేయుదురు. కాని తూకమునకు రాని మూట మరియొకటి వానితో పోవుచున్నది. అది వాని మాట. వాని యూరి చెరువునకు ఆ పేరెట్లు వచ్చెనో, వాని తాత యే కరవులో ఏ దారిని నడచెనో, నాట్లు వేయునప్పుడు వాని తల్లి యేమి పాడెనో ఆ మూటలో నుండును. దానికి సుంకము లేదు. దానిని దొంగిలించువాడును లేడు. అయినను రెండు మూడు తరములలో అది యింట కనబడకుండ పోవుచున్నది. అది ఎట్లు పోవుచున్నదో, ఎట్లు నిలుపుకొనవచ్చునో తోటలలో కాపురముండు ప్రతి కుటుంబమును ఆలోచింపవలసిన సంగతి. అద్లియా యను పేటలో కొందరు బిడ్డలు చేసిన పని ఇందుకు మంచి దృష్టాంతముగా నున్నది.

గల్ఫు సముద్రములో బహ్రెయిను అను చిన్న ద్వీపరాజ్యము కలదు. దాని ముఖ్యపట్టణమైన మనామాలో అద్లియా యొక పేట. అచ్చటి పాత యిండ్లు కొన్ని ఇప్పుడు చిత్రశాలలుగాను భోజనశాలలుగాను మారినవి. సాయంకాలమున దీపములు వెలిగిన తరువాత ఆ వీధులు జనులతో నిండియుండును. ఆ భోజనశాలల వంటయిండ్లలోను, దుకాణములలోను, చుట్టుపట్ల కట్టడపు పనులలోను కష్టపడువారిలో మన దేశస్థులు అనేకులు. 1932 వ సంవత్సరమున ఆ ద్వీపములో చమురు బయలుపడిన పిమ్మట పనికై వచ్చు పరదేశస్థుల సంఖ్య పెరుగుచు వచ్చెను. నేడు అచ్చట భారతీయులే మూడు లక్షలకు పైగా నున్నారు. వారిలోని తెలుగువారు గోదావరి జిల్లాలనుండియు, కడప ప్రాంతమునుండియు, కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండియు వచ్చినవారు. కూలివారిలో పెక్కుమంది భార్యాబిడ్డలను స్వగ్రామమందే విడిచి లేబరు క్యాంపులలో నుందురు. కొంచెము హెచ్చు జీతము గలవారు మాత్రమే కుటుంబమును తెచ్చుకొనగలరు.

అట్టి కుటుంబములలో నొకటి కోనసీమ నుండి వచ్చినది. భర్త ఒక దుకాణములో లెక్కలు వ్రాయును. భార్య వివాహమునకు పూర్వము స్వగ్రామపు బడిలో చిన్న తరగతులకు పాఠము చెప్పినది. ఆ పేటలోని తెలుగు బిడ్డలకు మాటలాడుట వచ్చును గాని యక్షరములు రావని కనిపెట్టి, ఆమె తన ముందుగదిలో చాప పరచి శుక్రవారమున రెండు గంటల సేపు వారికి చదువు చెప్పుటకు మొదలు పెట్టెను. అచ్చట శుక్రవారము సెలవు దినము. మొదట నలుగురు వచ్చిరి, పిదప తొమ్మండుగురైరి. అందరును ఆమెను పంతులమ్మ యని పిలుతురు. బల్ల లేదు, బెంచీ లేదు, జీతము లేదు. గోడకు వ్రేలాడదీసిన యొక తెల్లబోర్డు మాత్రము కలదు.

ఒకనాడు పాఠములో వేరుసెనగ మాట వచ్చినది. పంతులమ్మ పొట్టుతోనున్న కాయలను గిన్నెలో పోసి బిడ్డల ముందుంచి, "వీనిని మీ యింట నేమందురు?" అని యడిగెను. కోనసీమ పిల్లవాడు "వేరుసెనగకాయలు" అనెను. కడప నుండి వచ్చిన బాలిక "కాదు, శెనక్కాయలు" అనెను. జగిత్యాల ప్రాంతపు బాలుడు కొంతసేపు తల వంచుకొని, తుదకు మెల్లగా "పల్లికాయలు" అనెను. తక్కినవారు నవ్విరి. ఆ బాలుని ముఖము చిన్నబోయెను. ఏలయనగా, నలుగురిలో ఇంటి మాట పలుకవద్దని, పలికిన యెడల మోటువారని యందురని వాని తల్లి వానికి చెప్పియుండెను.

పంతులమ్మ నవ్వినవారిని కోపపడలేదు. మూడు మాటలను బోర్డుమీద ఒకే వరుసలో, ఒకే పరిమాణమున వ్రాసి, "ఇందులో తెలుగు కాని మాట యేది?" అని యడిగెను. ఎవరును చెప్పలేకపోయిరి. అప్పుడామె, "మూడు ఊళ్లవారు మూడు పేర్లు పెట్టిరి. ఒక్కొక్క పేరు ఒక్కొక్క పొలములో పుట్టినది. రెండు పేర్లను తుడిచివేసినయెడల రెండు పొలములను పోగొట్టుకొన్నవారమగుదుము" అని చెప్పెను. ఆ దినము మొదలుకొని ఆ గదిలో ఒక నియమము ఏర్పడినది. ఎవరి యింటి మాట వారు పలుకవచ్చును. క్రొత్త మాట వినినవారు దానిని పుస్తకములో వ్రాసికొనవలెను. వారము వారము ఆ పట్టిక పెరుగుచు వచ్చెను. చొక్కా ప్రక్కను అంగి చేరినది. నాయనమ్మ ప్రక్కను బాపమ్మయు జేజియు చేరిరి.

అక్షరములు పూర్తియైన తరువాత ఆమె బిడ్డలకు వేరొక పని పెట్టెను. పుస్తకములోని పాఠమును చూచి వ్రాయుటకు బదులుగా, ప్రతి బిడ్డయు స్వగ్రామమందున్న వృద్ధులలో నొకరితో ఫోనులో మాటలాడి, ఊరినిగూర్చి యొక సంగతి అడిగి తెలిసికొని, దానిని వారు చెప్పినట్లే వ్రాసి తేవలెను. ఇందుకు మూడు కట్టుబాట్లు చేసెను. చెప్పినవారి సెలవు పొంది వ్రాయవలెను. వారి మాటను దిద్దకూడదు. వ్రాసిన దానిని మరల వారికి చదివి వినిపింపవలెను. వారు "ఔను, నేను చెప్పినది ఇదియే" అనినప్పుడు గాని పని ముగిసినట్లు కాదు.

కోనసీమ బాలుడు తన తాతనడిగి ముత్తాత కథ తెచ్చెను. ఆ ముత్తాత కాకినాడలో ఓడ యెక్కి బర్మాకు పోయి రంగూనులోని బియ్యపు మిల్లులో బస్తాలు మోసెను. కోస్తా గ్రామములలో "రంగం పోయినాడు" అను మాట నేటికిని వృద్ధులు పలుకుదురు. ఆ దేశములో తెలుగు కూలివానిని కోరంగివాడనిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవును 1839 వ సంవత్సరపు తుపాను పాడుచేసినను, ఆ రేవు పేరు కూలివాని పేరుగా సముద్రమవతల నిలిచిపోయెను. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుమీద బాంబులు వేసినప్పుడు లక్షలకొలది మన దేశస్థులు కాలినడకను అడవులు దాటి పారిపోయి వచ్చిరి. ఆ ముత్తాతయు వారిలో నొకడు. ఈ సంగతి వాని తండ్రికి సయితము పూర్తిగా తెలియదు. బాలుడు వ్రాసి తెచ్చిన తరువాతనే తండ్రి దానిని చదివి తెలిసికొనెను.

కడప బాలిక తన జేజి నడుగగా, ఆమె పోరుమామిళ్ల చెరువును గూర్చి చెప్పినది. ఆ చెరువు కట్టను గూర్చిన శాసనము 1369 వ సంవత్సరమునాటిది. విజయనగర రాజవంశీయుడైన భాస్కరుడు దానిని కట్టించెను. రెండు సంవత్సరములపాటు ప్రతిదినమును వేయిమంది కూలివారు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచెననియు ఆ రాతిమీద వ్రాయబడియున్నది. పంతులమ్మ ఈ సంగతిని బిడ్డలకు విప్పి చెప్పినప్పుడు, "ఆ వేయిమంది పేర్లు వ్రాయలేదా?" అని ఆ బాలిక అడిగెను. వ్రాయలేదు. రాజు పేరు రాతిమీద నిలిచెను. కూలివారి సంఖ్య మాత్రము నిలిచెను. వారి పేర్లు వారి యిండ్లలో, వారి పాటలలో మాత్రమే నిలువగలవు. ఇల్లు మరచినయెడల వానిని చెప్పుటకు మరియే రాయియు లేదు. తోటలలో చెట్లు నాటి, రోడ్లు వేసి, పేరులేకుండ మరణించినవారి మనుమలకు ఈ మాట బోధపడును.

జగిత్యాల బాలుని తండ్రి ఏసీ యంత్రములు బాగుచేయు మేస్త్రీ. ఆయనకు ఈ పని మొదట నచ్చలేదు. ఒకనాడు బిడ్డను తీసికొనిపోవుటకు వచ్చి గుమ్మము వద్దనే నిలిచి, "పంతులమ్మగారూ, తప్పుగా ననుకొనకండి. నాకు వారమునకొక్క దినమే తీరిక. ఆ యొక్కనాడు వీడు ఆంగ్లమో కంప్యూటరో నేర్చుకొనిన రేపు నావలె ఎండలో మిద్దెలెక్కకుండ బ్రతుకును. మా యమ్మ పాటలు వ్రాసికొనిన వీనికి వీసా ఎవరిత్తురు?" అని యడిగెను. అది కఠినముగా వినబడినను కష్టజీవి యాడిన న్యాయమైన మాట. మే, జూన్ నెలల యెండలో మిద్దెలమీద పనిచేసినవానికి బిడ్డ భవిష్యత్తును గూర్చిన భయముండుట సహజము. పంతులమ్మ వాదింపలేదు. "అన్నా, ఆంగ్లమును నేర్పించుడి, అదియు వానికి కావలెను. కాని ఆంగ్లమును నేర్పువారు ఈ పట్టణములో నూర్గురు దొరకుదురు, వచ్చే యేడును దొరకుదురు. మీ యమ్మగారి పాట నేర్పువారు లోకమంతటికిని ఒక్కరే యున్నారు" అని మాత్రము చెప్పెను. ఆయన యుత్తర మీయక బిడ్డను తీసికొని వెళ్లెను. అయినను బిడ్డను మాన్పింపలేదు.

ఆ బాలుడు తన బాపమ్మతో వారమున కొకసారి ఫోనులో మాటలాడి, బతుకమ్మనాడు ఆమె పాడు పాట నొకదానిని చరణము చరణముగా వ్రాయుచుండెను. ఊరి చెరువు కట్ట తెగినప్పుడు ఏ ఏ కులములవారు, ఏ ఏ వాడలవారు మట్టి మోసిరో అందులో నున్నది. తంగేడు పూవు పేరును వాడు వినియుండెను గాని గునుగు పూవు నెరుగడు. సెలవుపై పోయి తిరిగి వచ్చిన యొక పొరుగువాని చేత ఆమె యెండిన గునుగు పూలను కాగితములో చుట్టి పంపెను. వాడు వానిని పుస్తకములో అంటించెను. ఏడు చరణములు పూర్తియైనవి. ఎనిమిదవదానిని వచ్చే వారము చెప్పెదనని ఆమె చెప్పెను. ఆ వారములోనే ఆమె జ్వరమున పడి, పది దినములలో గతించెను. కొడుకునకు టిక్కెట్టు దొరకి యూరు చేరునప్పటికి దహనము ముగిసియుండెను.

ఆయన తిరిగి వచ్చిన తరువాత ఆ శుక్రవారము బిడ్డతో కూడ లోపలికి వచ్చి చాపమీద కూర్చుండి, నోటుపుస్తకమును తెప్పించుకొని చదివెను. ఆయన ఐదవ తరగతితో చదువు మానినవాడు గనుక వ్రేలు పెట్టి మెల్లగా చదివెను. ఏడవ చరణము తరువాత ఖాళీ పుట వచ్చినది. "మిగిలినది మా అక్కలకు రాదు. నేను చిన్ననాడు వినియుందును, కాని నాకును రాదు" అని చెప్పి పుస్తకమును మూసెను. అటుపిమ్మట ఆయన చేసిన పని గమనింపదగినది. తాను పనిమీద పోవు లేబరు క్యాంపులలో తన ప్రాంతమువారిని వెదకి, ఆ పాట యెవరికైన తెలియునా యని యడుగసాగెను. ఒక ముసలి తాపీమేస్త్రీకి రెండు చరణములు వచ్చును. మరియొకని భార్య స్వగ్రామమునుండి ఫోనులో వేరొక చరణము పాడి పంపెను. అది కొంచెము భేదముగా నుండెను. అన్నిటిని బాలుడు వేరువేరుగా, చెప్పినవారి యూరి పేరుతో వ్రాసికొనెను. అయినను ఆ పాట పూర్తి కాలేదు. తెగిన కట్టను మరల నిలిపిన యొక స్త్రీ పేరు అందులో వచ్చునని మాత్రము అందరును చెప్పుదురు. ఆ పేరు ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఈ సంగతి జరిగిన తరువాత పంతులమ్మ బిడ్డలను వారి తలిదండ్రులతో కూడ ముహర్రక్ పట్టణమునకు తీసికొనిపోయెను. సముద్రముమీది వంతెన దాటినయెడల అది సమీపముననే యున్నది. చమురు దొరకక పూర్వము ఆ ద్వీపవాసుల జీవనము ముత్యములమీద నుండెను. ఊపిరి బిగబట్టి సముద్రపు టడుగునకు మునిగి ముత్యపు చిప్పలు తెచ్చువారు కూలివారే. పడవ యజమానికి వారు పడిన ఋణము తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. 1920 ప్రాంతపు సంవత్సరములలో చట్టములు వచ్చి ఆ వాడుకను సడలించినవి. జపానులో పెంచిన ముత్యములు బజారునకు వచ్చిన పిమ్మట 1930 తరువాత ఆ వృత్తి క్షీణించెను. కాని ఆ కూలివారు తమ కష్టమును చెప్పుకొనుచు పాడిన పాటలు మిగిలియున్నవి. వానిని ఫిజిరీ యందురు. పాడువారు వలయముగా కూర్చుండి, డోళ్లును, చేతి తాళములును, మట్టి కుండయును వాయించుచు పాడుదురు. ఈ పాటలు నేర్పుటకును పాడుటకును దార్ అను ప్రత్యేకమైన యిండ్లు కలవు. ఆ యిండ్లలో పెద్దల ప్రక్కను చిన్నవారు కూర్చుండి నేర్చుకొందురు. 2021 వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఫిజిరీని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను. ఋణగ్రస్తులైన కూలివారి పాట లోకమంతటికిని గౌరవపాత్రమైనది. అయితే పట్టికలో చేర్చుటచేత పాట బ్రదుకలేదు. పట్టికకు పూర్వమే, ఎవరును మెచ్చుకొనని దినములలో, ఆ యిండ్ల తలుపులు తెరచియుంచినవారిచేత అది బ్రదికినది.

అద్లియాలోని తెలుగువారు స్వదేశము విడిచి ఒకటి రెండు తరములే యైనవి; ఫోను చేసినయెడల పలుకుటకు బాపమ్మలు ఇంకను ఉన్నారు. ఐదారు తరములు గడచిన చోట్ల నేమి జరిగెనో చూచినయెడల ఈ పని ఎంత త్వరగా చేయవలసినదో తెలియును. 1860 నవంబరు 16 వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి కూలివారిని తీసికొని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. 1911 వరకు అట్లు నేటాలు చెరకు తోటలకు వచ్చినవారు ఒకటిన్నర లక్షకు పైబడి యున్నారు. వారిలో తెలుగువారు అనేకులు. కియర్స్నీ తేయాకు తోటలో 1903 వ సంవత్సరమున నెల్లూరు నుండి వచ్చిన జాన్ రంగయ్య గారు తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించినప్పుడు ఆ తోటలో తెలుగే యింటి మాట. 1931 లో ఆంధ్ర మహాసభ యేర్పడెను. 1996 వ సంవత్సరపు ఆ దేశ రాజ్యాంగములో గౌరవించి పెంపొందింపవలసిన భాషలలో తెలుగు పేరు కూడ వ్రాయబడియున్నది. ఇంత గౌరవము దొరకినప్పటికిని నేడు అచ్చటి తెలుగువారి యిండ్లలో పెక్కింటి వాడుక మాట ఆంగ్లమే. రాజ్యాంగము భాష పేరును కాపాడగలదు గాని, భోజనము వేళ తల్లి బిడ్డతో ఏ మాట ఆడవలెనో నిర్ణయింపలేదు.

మారిషస్ ద్వీపమునకు 1834 మొదలుకొని కూలివారు వచ్చిరి. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 వ సంవత్సరమున లోకవారసత్వ స్థలముగా నెన్నబడెను. అచ్చట ఉగాది ప్రభుత్వపు సెలవు దినము. బడులలో తెలుగు చెప్పుదురు. 1990 లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపమందే జరిగెను. ఇవి యన్నియు గొప్ప సంగతులు. అయినను యింటిలోను వీధిలోను క్రియోలు భాషయే వాడుకలో నున్నది. అదే ద్వీపములోని భోజపురి వారు చేసిన పని యొకటి మనవారికి పాఠముగా నున్నది. తోటలలో వారి స్త్రీలు పెండ్లియిండ్లలో పాడుచు వచ్చిన గీత్ గవాయి అను పాటలను పేటపేటను నేర్పించుటకు బడులు పెట్టిరి. అందులో పాఠము చెప్పువారు ఆ పాటలెరిగిన పేట స్త్రీలే. 2016 లో ఆ పాటలును యునెస్కో పట్టికలో చేరెను. వ్యాకరణము ఎరుగని ముసలమ్మను ఉపాధ్యాయిని చేసినందువలన ఆ భాషకు బలము వచ్చెను. తెలుగు ముసలమ్మలను కూడ అట్లే కూర్చుండబెట్టినయెడల పాఠ్యపుస్తకములో లేని తెలుగు దొరకును.

ఇట్లడిగి వ్రాయుట మన దేశములో క్రొత్త పని కాదు. రెండు వందల సంవత్సరములకు పూర్వము కర్నల్ మెకంజీ దొరగారు, ఆయన యొద్ద పనిచేసిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులు, వారి మనుష్యులు ఊరూర కరణములను పెద్దలను అడిగి గ్రామవృత్తాంతములు వ్రాయించిరి. వానికి కైఫీయతులని పేరు. మెకంజీగారు 1821 లో మరణించిరి. కైఫీయతులు నేటికిని చరిత్ర వ్రాయువారికి ఆధారముగా నున్నవి. అయితే వారడిగినది గ్రామాధికారులను. కూలివాడను, పల్లెను, పేటను, స్త్రీలను అడిగినది అరుదు. ఆ కొరతను తీర్చుట ఇప్పటి బిడ్డల వంతు.

మరియొక దృష్టాంతము గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29 వ తేదీన జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ప్రక్క కొండలలోని సవరల భాషకు లిపియు పుస్తకమును లేకుండుట చూచి, ఆ భాష తెలిసినవానిని తన యింట నుంచుకొని నేర్చుకొనిరి. సవరలకు వారి మాటతోనే చదువు చెప్పవలెనని పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించిరి. 1931 లో సవర భాషా వ్యాకరణము, 1938 లో నిఘంటువు అచ్చుపడెను. గొప్ప పండితుడు కొండవాని యెదుట శిష్యుడుగా కూర్చుండెను. నేడు ఆయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. ఆ దినమున ప్రసంగములు చేయువారు పెక్కుమంది గలరు. ఒక వృద్ధుని యెదుట కాగితము పట్టుకొని కూర్చుండువారే కావలెను.

కాబట్టి తోటల లైనులలో నివసించు తలిదండ్రులు ఈ క్రింది సంగతులను ఆలోచించవలెను. ఇందుకు పెద్ద కట్టడమును, చందాయును, పైవారి యుత్తరువును అక్కరలేదు. ఒక గది, ఒక నోటుపుస్తకము, వారమునకు రెండు గంటలు చాలును. ముందుగా లైనులో అందరికంటె వృద్ధులెవరో లెక్క చూచి, వారితోనే మొదలు పెట్టవలెను. పాటయొక్క మంచిచెడ్డలు పిదప చూచుకొనవచ్చును. బిడ్డ అడుగవలసిన ప్రశ్నలు చిన్నవిగా నుండవలెను. మన వారు ఏ యూరినుండి వచ్చిరి? ఎవరు పిలిచికొని వచ్చిరి? ఓడలో నేమి తినిరి? మొదటి కూలి యెంత? ఈ తోటకు, ఈ వాగుకు మనవారు పెట్టిన పేరేది? జ్వరము వచ్చిన యేయాకు నూరిరి? బిడ్డను నిద్రపుచ్చుటకు ఏమి పాడిరి? వృద్ధులు ఏడ్చినయెడల కొంతసేపు ఆగవలెను. చెప్పనొల్లనిదానిని బలవంతముగా నడుగరాదు. సెల్‌ఫోనులో వారి కంఠమును పట్టియుంచుట మంచిది. అయితే ఫోను పగిలిపోవును, మారిపోవును గనుక కాగితముమీదను వ్రాసి, రెండు ప్రతులుగా రెండు ఇండ్లలో నుంచవలెను. నెలకొకసారి లైనువారందరు కూడినప్పుడు ఒక బిడ్డచేత ఒక పుట చదివించవలెను. చదివినప్పుడు "అట్లు కాదు, ఇట్లు" అని మరియొకరు లేచి చెప్పుదురు. ఆ సవరణను వ్రాసికొనినయెడల రెండవ పాఠము దొరకును.

అక్షరములు నేర్పుట అవసరమే. కాని అక్షరములు నేర్చి వానితో చెప్పుకొనుటకు తన సంగతి లేని బిడ్డ, పరీక్ష ముగిసిన మరునాడు ఆ యక్షరములను మరచును. తన ముత్తాత రంగూనునుండి నడచిన దారిని తెలుగులో వ్రాసిన బిడ్డ దానిని మరువడు. ఏలయనగా ఆ కథ మరియే భాషలోను వానికి దొరకదు. బిడ్డ ఆంగ్లమును నేర్చుకొని మంచి కొలువు సంపాదించుటకు ఇది యడ్డు రాదు. తాను ఎవరి బిడ్డయో తెలిసినవాడు ఏ కొలువులోనైనను తల యెత్తి నిలువగలడు.

జగిత్యాల బాలుని పుస్తకములో ఎనిమిదవ చరణమునకు విడిచిన పుట ఇంకను ఖాళీగానే యున్నది. దానిని తుడిచి వేరొకటి వ్రాయుటకు పంతులమ్మ యొప్పుకొనలేదు. ఆ చరణమును పాడినవారు జగిత్యాల పల్లెలలో ఎవరో యొకరు నేటికిని ఉండవచ్చును; వారి యొద్దకు పోయి యడుగువారు కావలెను. మన లైనులలోని వృద్ధులనైతే వెదకనక్కరలేదు. వారు ఈ సాయంకాలమున అరుగుమీద కూర్చుండి యుందురు. పని ముగించి వచ్చిన తలిదండ్రులు దీపము పెట్టిన తరువాత బిడ్డ చేతికి కాగితమును పెన్నును ఇచ్చి వారి యొద్దకు పంపవలెను.